పచ్చజొన్న పోయిన నేల

పి.వి. సతీశ్ 2023 మార్చి 19న కన్నుమూశారు. ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించిన ఏడాది అది. ఊరూరా కొర్రలు, సామల పేరు మోగుతున్న వేళ, నాలుగు దశాబ్దాలు వాటి కోసం కొట్లాడిన మనిషి వెళ్లిపోయారు. ఆయన పోయిన దుఃఖం ఒకటైతే, ఆయన కాపాడాలనుకున్న సేద్యం చాలా ఊళ్లలో ఆయన కంటే ముందే పోవడం మరో దుఃఖం.

సతీశ్ పుట్టింది మైసూరులో. దూరదర్శన్‌లో నిర్మాతగా మంచి కొలువు. అది వదులుకొని 1980ల్లో మిత్రులతో కలిసి జహీరాబాద్ పక్కన పస్తాపూర్ కేంద్రంగా డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీని నిలబెట్టారు. ఇవాళ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేసి ఈ వైపు ఎకరమో రెండెకరాలో కొని, నాలుగు గదులు వేసి, శని ఆదివారాల్లో వచ్చే అతిథులకు పల్లె బతుకు చూపిద్దామనుకునే వాళ్లున్నారు. వాళ్ల మాట వచ్చినప్పుడల్లా నాకు ఆయనే గుర్తొస్తారు. ఆయనా పట్నం కొలువు వదిలి వచ్చినవారే. కాకపోతే వచ్చి దళిత మహిళల పక్కన కూర్చున్నారు, వాళ్లకు తెలిసిందేమిటో అడిగారు.

వాళ్లకు తెలిసింది చాలా ఉంది. ఇక్కడి ఎర్రనేలకు వానే ఆధారం. ఒకే చేలో పచ్చజొన్న, కంది, కొర్ర, సజ్జ, పెసర, అనుములు, నువ్వులు కలిపి విత్తేవారు. వాన మొహం చాటేసినా ఏదో ఒక పంట ఇంటికొచ్చేది. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. ఎందరో పేదల ఆకలి తీర్చిన పథకం, కాదనను. కానీ రేషన్ దుకాణంలో జొన్నకు చోటు దక్కలేదు. కంచంలోంచి పోయిన జొన్న చేలోంచీ పోయింది. జొన్నరొట్టె తినడం నామోషీ అయింది. పేదల చెలకలు బీడు పడ్డాయి. బోరు వేయగలిగినవాళ్లు చెరకు వైపు, మిగతావాళ్లు పత్తి వైపు మళ్లారు.

ఆ బీళ్లనే 1990ల్లో సొసైటీ ఊరూరా కూడగట్టిన దళిత మహిళల సంఘాలు మళ్లీ దున్నించాయి. సేద్యానికి ఇచ్చిన అప్పును రైతు జొన్నల రూపంలో తీర్చాలి. ఆ జొన్నలు ఊళ్లోనే నిల్వ చేసి, కరువు నెలల్లో నిరుపేదలకు తక్కువ ధరకు ఇచ్చారు. విత్తనాన్ని ఎవరి దగ్గరా కొనలేదు. ఈతబుట్టను పేడతో, ఎర్రమట్టితో అలికి, ఎండబెట్టి, గింజల్లో బూడిద, వేపాకు కలిపి నింపి, మూతి మళ్లీ మట్టితో మూసేవారు. ఏడాది తర్వాత విప్పినా పురుగు పట్టదు. ఏటా సంక్రాంతికి ఆ విత్తనాలను ఎడ్లబండ్ల మీద పెట్టి ఊరూరా పాత పంటల జాతర నడిపారు. 2008లో మాచనూరులో సంఘం రేడియో మొదలైంది. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం వారి ఈక్వేటర్ బహుమతి సొసైటీకి వచ్చింది.

ఇంత గెలిచీ చుట్టుపక్కల నేలను కాపాడుకోలేకపోయారు. న్యాల్‌కల్, ఝరాసంగం మండలాల్లో 17 ఊళ్ల నుంచి 12,635 ఎకరాలు పారిశ్రామిక మండలికని లెక్కగట్టారు. దానికి 2016లో కేంద్రం తుది అనుమతి ఇచ్చింది. ముంబై హైవే పక్కన చెలకలు ప్లాట్లుగా, ఫామ్‌హౌస్‌లుగా ముక్కలయ్యాయి. సంఘాల చేలు ఇంకా ఉన్నాయి. వాటి చుట్టూ ఉన్న సేద్యమే కూలిపోయింది. ఎకరం ధర పెరిగిన కొద్దీ, అందులో జొన్న వేసేవాణ్ణి పిచ్చివాడిలా చూస్తున్నారు. నన్నడిగితే ఇది కరువు కంటే పెద్ద నష్టం. కరువు పోయాక మళ్లీ విత్తుకోవచ్చు, గోడ కట్టిన చెలకలో ఏం విత్తుతారు?

కొలువు మాని జహీరాబాద్ వైపు వచ్చే మిత్రులారా, మీరు కొన్న ఎర్రనేల మీద పచ్చిక పరచకండి. మృగశిర వానలకు జొన్న, కంది, అనుములు కలిపి విత్తించండి. విత్తనం కోసం సంఘం మహిళల దగ్గరికి వెళ్లండి, ఎట్లా విత్తాలో వాళ్లనే అడగండి, ఆ తెలివికి కూలి కాదు, గురుదక్షిణ ఇవ్వండి. మీ అతిథులకు వండే రొట్టెకు పిండి వాళ్ల దగ్గరే కొనండి. ఆ విత్తనం దాచిన చేతులు ముసలివైపోతున్నాయి, ఈ వానాకాలమే వెళ్లండి.