ఎత్తు పెంచిన జీపు ఎప్పుడు ఒరుగుతుంది?

గరిమనాభి: బండి బరువంతా ఒక్కచోట చేరినట్టు లెక్కకట్టగల బిందువు. అనగా అక్కడ ఏదో ఇనుపముద్ద ఉందని కాదు. ఇంజను, ఛాసిస్, సీట్లు, కూర్చున్న మనుషులు, అన్నిటి బరువుకూ సగటు స్థానమది. దీన్ని చాలామంది గ్రౌండ్ క్లియరెన్స్‌తో కలిపేస్తారు. క్లియరెన్స్ అంటే బండి అడుగున అన్నిటికన్నా కిందికి దిగిన భాగానికీ నేలకూ మధ్య జాగా. పాత జిప్సీనే తీసుకోండి. కమాన్ పట్టీలు మార్చి ఎత్తు పెంచితే బాడీ లేస్తుంది, దానితో గరిమనాభీ లేస్తుంది. డిఫరెన్షియల్ మాత్రం ఇరుసుతోనే ఉంటుంది కనుక దాని కింది జాగా వెంట్రుకంత కూడా పెరగదు. ఆ జాగా పెంచేది పెద్ద టైరు.

ట్రాక్: ఎడమ చక్రం మధ్యరేఖ నుంచి కుడి చక్రం మధ్యరేఖ దాకా ఉన్న వెడల్పు. ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ మధ్య దూరం వీల్‌బేస్, అది వేరు. పక్కకు ఒరగడాన్ని తేల్చేది ట్రాకే.

స్థిరత్వ గుణకం: ట్రాక్‌లో సగాన్ని గరిమనాభి ఎత్తుతో భాగిస్తే వచ్చే సంఖ్య. అమెరికా రహదారి భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ 2001 నుంచి బండ్ల బోల్తా రేటింగుకు దీన్ని వాడుతోంది. ఇందులో బరువు ఎక్కడా లేదని గమనించాలి. ‘బరువైన బండి, ఒరగదులే’ అనే ధీమాకు ఆధారం లేదన్నమాట. బరువు ఎంత అన్నది కాదు, ఎంత ఎత్తులో అన్నదే ప్రశ్న.

లెక్క కోసం ఒక ఊహాజనితమైన బండి: బరువు 1800 కిలోలు, ట్రాక్ 1500 మి.మీ., గరిమనాభి ఎత్తు 700 మి.మీ. గుణకం 1.07. అనగా సుమారు 47 డిగ్రీల అడ్డవాలు దాకా నిలవాలి. దీనికి 60 మి.మీ. లిఫ్ట్ కిట్ వేశాం. స్ప్రింగుల పైనున్న 1500 కిలోలే లేస్తాయి కాబట్టి నాభి 50 మి.మీ. పెరుగుతుంది. పెద్ద టైర్లు మరో 25 కలుపుతాయి. ఎత్తు 775, కోణం 44. ఇప్పుడు పైన క్యారియరు, డబ్బాలు, గుడారం కలిపి 100 కిలోలు, నేల నుంచి రెండు మీటర్ల ఎత్తులో. నాభి దాదాపు 840కి చేరుతుంది, కోణం 42కు దిగుతుంది. బండి బరువులో పద్దెనిమిదో వంతు సామాను, కొత్త టైర్లన్నీ కలిసి ఎత్తినదానికి రెండున్నర రెట్లు ఎత్తింది! పైకి ఎక్కించే ముందు ఈ లెక్క చేసేవాళ్లు అరుదు.

ఒరిగే కోణం: పై అంకెలు బిగుసుకుపోయిన బండివి. నిజమైన బండిలో పల్లం వైపు స్ప్రింగులు, టైర్లు అణుగుతాయి. నాభి ఆ పక్కకే జరుగుతుంది. అందుకని అసలు కోణం ఇంతకన్నా తక్కువే. ఎగువ చక్రం 15 సెం.మీ. రాయి ఎక్కిందంటే వాలుకు మరో 6 డిగ్రీలు చేరినట్టే. చక్రాలు స్వేచ్ఛగా ఆడాలని స్వే బార్ ఊడదీసేవాళ్లు తిరిగి తారురోడ్డు ఎక్కేముందు దాన్ని బిగించుకోవాలి. అనగా బాడీ ఒరుగుడును అదుపుచేసే కడ్డీ అది, రాళ్ల మీద అడ్డే కానీ మలుపులో అవసరం.

స్పేసర్: చక్రాన్ని బయటికి జరిపే బిళ్ల. పక్కకు 30 మి.మీ. చొప్పున వేస్తే మన బండికి తిరిగొచ్చేది ఒక్క డిగ్రీ. ఆ ఒక్క డిగ్రీకి బేరింగుల మీద అదనపు భారం. నాకైతే ఇది గిట్టుబాటు బేరం కాదు. పైగా ఆర్సీలోని తయారీదారు వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది.

విన్చ్ బంపర్: ఇరుక్కున్న బండిని తాడుతో లాగే యంత్రం బిగించిన ముందు బంపర్. ముందు ఇరుసుకు 600 మి.మీ. ముందుగా 80 కిలోలు తగిలించాం, వీల్‌బేస్ 2400 అనుకోండి. ముందు ఇరుసు మీద పడేది 80 కాదు, 100. మిగిలిన 20 వెనక ఇరుసు నుంచి లాక్కున్నది. ఎగువకు ఎక్కేటప్పుడు ఇది మేలే, ముందు చక్రాలు లేవవు. దిగుడులో మాత్రం బ్రేకు పడగానే తేలికైన వెనక భాగం పక్కకు జారుతుంది. వెనక డోరుకు స్టెప్నీ తగిలిస్తే ఇదే లెక్క తలకిందులుగా నడుస్తుంది.