నాగార్జునసాగర్ ఆనకట్టలో రాయి, కాంక్రీటు, ఉక్కు

నాగార్జునసాగర్ ఆనకట్ట కృష్ణానదిపై తెలంగాణలోని నల్గొండ జిల్లా, ఆంధ్రప్రదేశ్ లోని పల్నాడు జిల్లాల సరిహద్దున నిర్మింపబడిన బహుళార్థసాధక ఆనకట్ట. రాతికట్టడపు ఆనకట్టలలో ప్రపంచములోనే మిక్కిలి ఎత్తయినదిగా ఇది పేరుపొందినది. రాయి, కాంక్రీటు, ఉక్కు అను మూడు నిర్మాణ పదార్థముల గుణములను ఒకేచోట పోల్చి చూచుటకు ఇంతకంటె మంచి ఉదాహరణ దక్షిణ తెలంగాణలో లేదు.

కొలతలు

పునాది నుండి ఆనకట్ట ఎత్తు సుమారు 124 మీటర్లు. నది మధ్యనున్న రాతికట్టడము పొడవు సుమారు 1,450 మీటర్లు. ఇరువైపులా ఉన్న మట్టికట్టల పొడవు సుమారు 3,400 మీటర్లు. పొడవును బట్టి చూచినచో ఆనకట్టలో ఎక్కువ భాగము మట్టియే! అయితే నది లోతును, వరదను తట్టుకొనునది మాత్రము రాతిభాగము.

రాతి గుణములు

రాయి నొక్కుడు బలమును బాగుగా భరించును, లాగుడు బలమునకు త్వరగా విరుగును. మంచి గ్రానైటు ప్రతి చదరపు సెంటీమీటరునకు 1,000 కిలోగ్రాములకు పైగా నొక్కుడు బలమును తట్టుకొనగలదు. అదే రాతిని దూలముగా వేసినప్పుడు దాని అడుగుభాగము సాగుటకు ప్రయత్నించి పగులును. పానగల్లు, పిల్లలమర్రి దేవాలయములలో స్తంభములు అంత దగ్గర దగ్గరగా ఉండుటకు ఒక ముఖ్య కారణము ఇదే. రాతి దూలము ఎక్కువ దూరము దాటలేదు.

ఆనకట్టలో ఈ లోపము బయటపడదు. నాగార్జునసాగర్ గురుత్వ ఆనకట్ట, అనగా తన బరువుచేతనే నీటిని ఆపు కట్టడము. 100 మీటర్ల లోతున నీరు ప్రతి చదరపు మీటరుపై 100 టన్నుల ఒత్తిడి కలిగించును. ఆ తోపుడు, కట్టడపు బరువు కలిసిన ఫలిత బలము అడుగు వెడల్పులో మధ్య మూడవవంతు లోపల పడునట్లు కట్ట ఆకారమును నిర్ణయింతురు. అప్పుడు కట్టడములో ఎక్కడను లాగుడు బలము పుట్టదు. ఇంత ఎత్తయిన కట్టలో కూడ అడుగున కలుగు నొక్కుడు బలము చదరపు సెంటీమీటరునకు కొన్ని పదుల కిలోగ్రాములు మాత్రమే. గ్రానైటుకు అది లెక్కలోనిది కాదు. అందుచేత అసలు పరీక్ష రాతికి కాదు, రాళ్ళను కలుపు గారకు (మేస్త్రీల మాటలో 'మాలు'). గార పలుచనైనచోట, లేక రాళ్ళ మధ్య ఖాళీలు మిగిలినచోట నీరు ఊరును. ఊరిన నీరు కట్టను క్రిందినుండి పైకెత్తజూచును గనుక, దానిని సేకరించి బయటకు పంపుటకు కట్ట లోపల గ్యాలరీలు ఉన్నవి.

రాతినే ఎంచుకొనుటకు కారణములు

1955 నవంబరు 17న హిమాచల్ ప్రదేశ్ లోని భాక్రా ఆనకట్టకు జవహర్‌లాల్ నెహ్రూ మొదటి కాంక్రీటు పోసెను. 23 దినముల తరువాత, డిసెంబరు 10న, నాగార్జునసాగర్ కు శంకుస్థాపన చేసెను. భాక్రాను విదేశీ నిపుణులు, భారీ యంత్రముల సహాయముతో కాంక్రీటుతో కట్టిరి. ఆ కాలమున సిమెంటు, ఉక్కు, విదేశీ మారకద్రవ్యము మూడును కొరతగా ఉండెను. ఇక్కడ రాయి దగ్గరలోనే ఉన్నది, పనికై ఎదురుచూచు జనము ఉన్నారు. రాతికట్టడములో ఘనపరిమాణమున అధికభాగము రాయి కావున సిమెంటు ఖర్చు బాగుగా తగ్గును.

మరియొక లాభము వేడికి సంబంధించినది. సిమెంటు గట్టిపడునపుడు వేడిని విడుదల చేయును. లావైన కాంక్రీటు దిమ్మెలో ఆ వేడి బయటకు పోలేక, తరువాత చల్లారునపుడు పగుళ్ళు కలుగును. అమెరికాలోని హూవర్ ఆనకట్టలో దీనిని నివారించుటకు కాంక్రీటు లోపల గొట్టములు అమర్చి చల్లని నీటిని పంపిరి. సిమెంటు తక్కువగాను, పని నెమ్మదిగాను సాగు రాతికట్టడములో ఈ బాధ తక్కువ.

కట్టినవారు

ఆ నెమ్మది వేలాది కూలీల శ్రమ. స్త్రీలు, పురుషులు రాళ్ళను, గారను నెత్తిన మోసి, కట్టెల పరంజాలపై బారులుగా ఎక్కుచున్న దృశ్యములు ఆనాటి ఛాయాచిత్రములలో కనిపించును. పాత మహబూబ్ నగర్ జిల్లానుండి గుంపుమేస్త్రీల వెంట వలసపోవు 'పాలమూరు లేబరు' దేశములోని అనేక ఆనకట్టల పనులలో పేరుపొందినది. అడ్వాన్సు తీసుకొని, అప్పు తీరువరకు పనిచేయుట ఈ పద్ధతిలోని కష్టము. నాగార్జునసాగర్ ఎడమ కాలువ నీరు నల్గొండ, ఖమ్మం, కృష్ణా జిల్లాలకు పారును. పాలమూరు ఆ ఆయకట్టులో లేదు. ఈ మాట ఇంజనీరింగు పుస్తకములలో సాధారణముగా కనిపించదు.

1967 ఆగష్టు 4న ఇందిరా గాంధీ కాలువలకు నీటిని విడుదల చేసెను.

కాంక్రీటు, ఉక్కు వాడిన చోట్లు

వరదనీరు అతివేగముగా జారు స్పిల్‌వే ముఖమున రాతి అతుకులు నిలువవు. అక్కడ నునుపైన కాంక్రీటు అవసరము. ఆ కాంక్రీటు కూడ వరదలకు కోతపడి పలుమార్లు మరమ్మత్తులు చేయవలసివచ్చినది.

స్పిల్‌వేపై 26 రేడియల్ గేట్లు ఉన్నవి. ఒక్కొక్కటి దాదాపు 45 అడుగుల వెడల్పు, 44 అడుగుల ఎత్తు. నిండుగా నీరున్నపుడు ఒక్క గేటుపై పడు తోపుడు 1,200 టన్నులు దాటును. పైకి ఎత్తగలిగినంత తేలికగా ఉండి, అంత బలమును భరించుట రాతికి, కాంక్రీటుకు సాధ్యము కాదు. లాగుడును, నొక్కుడును సమానముగా తట్టుకొను ఉక్కుకే అది సాధ్యము. అయితే ఉక్కు తుప్పుపట్టును గనుక ఎప్పటికప్పుడు రంగు వేయవలెను.

మామూలు ఇండ్ల స్లాబులలో ఈ రెండును కలిసి పనిచేయును. నొక్కుడును కాంక్రీటు, లాగుడును సలాకలు భరించును. ఎండకు రెండును దాదాపు ఒకే పాళ్ళలో వ్యాకోచించుట వలననే ఈ జోడింపు విడిపోకుండ నిలుచును.

తరువాతి కాలము

ఇక్ష్వాకుల కాలమున, క్రీ.శ. 3, 4 శతాబ్దములలో, ఇదే లోయలో విజయపురి వెలసెను. అక్కడి స్తూపములకు ఇటుకలు, శిల్పములకు పల్నాటి సున్నపురాయి వాడిరి. జలాశయమున మునుగు ముందు 1954-60 మధ్య త్రవ్వకములు జరిపి, కొన్ని కట్టడములను నాగార్జునకొండపై తిరిగి నిర్మించిరి. కృష్ణ ఒడ్డున వాడపల్లి, మట్టపల్లి ప్రాంతములలోని సున్నపురాతిని తరువాతి కాలమున సిమెంటు కర్మాగారములు కాల్చసాగెను. రాతి ఆనకట్టను కట్టుటకు సిమెంటు కొరతపడిన జిల్లా, ఒక తరము గడచునప్పటికి సిమెంటును బయటికి పంపు జిల్లాగా మారెను. దిగువన 2013లో ప్రారంభమైన పులిచింతల ప్రాజెక్టును కాంక్రీటుతోనే కట్టిరి.