రెంటచింతల పేరు రేడియోలో ఎందుకొచ్చేది?



మొన్న ఒక తమ్ముడు వాట్సాప్‌లో "మన మండలంలో ఆల్ టైం రికార్డు ఎండ" అని పెట్టాడు. కింద అందరూ దణ్ణాల బొమ్మలు. నాకు మాత్రం ఒక అనుమానం వచ్చింది. ఆ మండలం స్టేషన్ పెట్టి పట్టుమని పదిహేనేళ్ళు కాలేదు. పదిహేనేళ్ళలో ఎక్కువైనంత మాత్రాన ఆల్ టైం ఎట్టా అవుద్ది? మా నాన్న కాలంలో ఎండలు కాయలేదా?

మీలో యాభై దాటినవాళ్ళకి గుర్తుండాలి. వేసవిలో ఆకాశవాణి విజయవాడ ప్రాంతీయ వార్తలు చివరికొచ్చేసరికి రెంటచింతల పేరు వినపడేది. రాష్ట్రంలో అందరికంటే మాదే ఎక్కువ ఎండ అని పల్నాడోళ్ళకి అదొక గొప్ప. ఎందుకంత ఎండ అంటే కారణాలు లేకపోలేదు. సముద్రం దూరం, నేలంతా నాపరాయి, చెట్టు తక్కువ, పైగా పడమటి నుంచి వడగాలి. అయితే ఇంకో సంగతి కూడా ఉంది. థర్మామీటరు ఉన్నది రెంటచింతలలో! దాచేపల్లిలో, గురజాలలో ఆరోజు అంతకంటే ఎక్కువ కాసిందేమో. కొలిచే స్టేషన్ లేనిచోట ఎండకి లెక్క లేదు, రికార్డూ లేదు.

ఈ కొలత మనకి ఎప్పుడొచ్చిందో కొంచెం చెబుతా. కుంఫిణీ వాళ్ళు 1792లో మద్రాసులో నక్షత్రశాల కట్టారు. 1796 నుంచి అక్కడ ఎండావానా లెక్క రాయడం మొదలైంది. అది ఓడల కోసం, మన కోసం కాదు. తర్వాత 1864లో కలకత్తాని ఒక తుపాను, నెల తిరక్కుండానే మన బందరుని ఇంకో తుపాను ముంచేశాయి. బందరు ఉప్పెనలో దాదాపు 30 వేల మంది పోయారు. ఆ తర్వాత వర్షాలు ఎగ్గొట్టి కరువులు. అప్పుడుగానీ దేశమంతటికీ ఒకే లెక్క ఉండాలని తెల్లదొరలకి బుద్ధి పుట్టలేదు. 1875లో వాతావరణ శాఖ పెట్టి, బ్లాన్‌ఫోర్డ్ అనే ఆయన్ని పెద్దగా వేశారు. మరుసటి ఏడే ధాత కరువు.

కొలిచే పద్ధతి చూస్తే మన మిరప కల్లం కంటే జాగ్రత్తగా ఉంటది. తెల్ల రంగేసిన చెక్క పెట్టె, చుట్టూ కిటికీ రెక్కల్లాంటి చెక్కలు, నేలకి నాలుగడుగుల ఎత్తు, తలుపు ఉత్తరం వైపు. గాలి ఆడాలి, ఎండ సూటిగా తగలకూడదు. స్టీవెన్‌సన్ పెట్టె అంటారు. లోపల పెద్ద ఎండ కొలిచేది జ్వరం థర్మామీటరు లాగే ఉంటది. పాదరసం ఎక్కిన కాడే ఆగిపోద్ది, మనిషి చదివి, విదిలించి మళ్ళీ పెడతాడు. అందుకే ఎండలో నిలబెట్టిన బైకు మీద ఫోను 50 చూపిచ్చిందంటే అది ఎండ లెక్క కాదు, బైకు లెక్క.

ఇంత జాగ్రత్తలోనూ తప్పులు జరిగాయి. లిబియాలో అజీజియా అనే ఊళ్ళో 1922 సెప్టెంబరు 13న 58 డిగ్రీలని రాశారు. ప్రపంచ రికార్డు అని 90 ఏళ్ళు పిల్లలకి చదువు చెప్పారు. 2012లో ప్రపంచ వాతావరణ సంస్థ దాన్ని కొట్టేసింది. అనుభవం లేని మనిషి థర్మామీటరు తప్పు చదివాడని తేల్చారు. అంత దూరం ఎందుకు, 2024 మే 29న ఢిల్లీ ముంగేష్‌పూర్‌లో ఆటోమేటిక్ మిషను 52.9 చూపిస్తే టీవీలన్నీ ఊగిపోయాయి. తర్వాత వాతావరణ శాఖ పరీక్ష చేసి, ఆ సెన్సారు 3 డిగ్రీలు ఎక్కువ చూపిస్తందని చెప్పింది. ఆ మాట ఎంతమంది విన్నారు?

నిలబడ్డ రికార్డులూ ఉన్నాయి. హైదరాబాదుకి 45.5, 1966 జూన్ 2. మద్రాసుకి 45, 2003 మే 31. రెండూ రోహిణి కార్తెలోనే, మన పెద్దోళ్ళు రోళ్ళు పగుల్తాయన్న రోజుల్లోనే. దేశానికి 51, రాజస్థాన్ ఫలోదిలో, 2016 మే 19. అంతకుముందు 1956లో ఆళ్వార్‌లో వచ్చిన 50.6ని దాటడానికి 60 ఏళ్ళు పట్టింది.

పాత స్టేషను ఎందుకు ముఖ్యమంటే, వడగాడ్పు అని ప్రకటించాలన్నా పాత లెక్క కావాలి. మన మైదానంలో 40 దాటి, ఆరోజుకి మామూలుగా ఉండాల్సినదానికన్నా 4.5 డిగ్రీలు పెరిగితే వడగాడ్పు. మామూలు అంటే 30 ఏళ్ళ సగటు. పదేళ్ళ మిషనుకి 30 ఏళ్ళ సగటు ఎక్కడిది? 45 దాటితే మాత్రం సగటుతో పనిలేకుండానే వడగాడ్పు అంటారు. మండల స్టేషన్లు వద్దని నేను అనడంలేదు. తెలంగాణలోనే వెయ్యికి పైగా ఉన్నాయి, మంచిదే. కానీ నేను చూసిన ఒకటి సిమెంటు నేల మీద, రేకుల షెడ్డు పక్కన ఉంది. అది చెప్పేది ఊరి ఎండో, రేకుల ఎండో నాకు తెలవదు.

2015 మే సంగతి చెప్పి ఆపుతా. ఆ ఎండలకి ఒక్క ఆంధ్రలోనే వెయ్యి మందికి పైగా చనిపోయారు. మా బజారు పెద్దమ్మ ఉపాధి పనికి చెరువు మట్టి తవ్వబోయి, ఇంటికొచ్చి పడుకుని మళ్ళీ లేవలేదు. సాయం కోసం కొడుకు తిరిగాడు. పోస్టుమార్టం చేయించలేదుగా అన్నారు ఒకచోట. ఆరోజు ఎండ రికార్డేం కాదుగా అన్నాడు ఇంకొకాయన. మాట నిజమే. నా నోట్‌బుక్‌లో, మా వరండా థర్మామీటరు లెక్క, ఆ మధ్యాహ్నం 43. అంతకు నాలుగు రోజుల ముందు 45 ఉంది. కానీ ఆ నాలుగు రాత్రులూ 32కి దిగలేదు. ఆ మనిషికి వారం నుంచీ ఒళ్ళు చల్లబడే గంట దొరకలేదు. రాత్రి లెక్క అడిగినవాడు లేడు.

అప్పట్నుంచి నేను రెండు గళ్ళు గీస్తున్నా, పగలొకటి, రాత్రొకటి. మీ ఇళ్ళల్లో పెద్దోళ్ళు పంచాంగం అంచుల్లోనో, ఎరువుల కొట్టు డైరీలోనో రేడియోలో విన్న రెంటచింతల అంకెలు రాసి ఉంటే ఫోటో తీసి పంపండి. మా నాన్న 112 డిగ్రీలు అనేవాడు. అది పాత ఫారెన్‌హీట్ లెక్క, ఇప్పటి లెక్కలో 44 పైచిలుకు. అట్టాంటివైనా సరే, తారీఖు ఉంటే చాలు, నేను మార్చుకుంటా.