విరూపాక్ష గుహ ముంగిట కావ్యకంఠుడు

1907 నవంబరు 18. తిరువణ్ణామలైలో కార్తిక ఉత్సవాల సందడి. మిట్టమధ్యాహ్నపు ఎండలో అరుణాచలం ఎక్కి విరూపాక్ష గుహ చేరుకున్న అయ్యలసోమయాజుల గణపతిశాస్త్రికి అప్పుడు 29 ఏళ్లు. బొబ్బిలి దగ్గరి కలువరాయి ఆయన స్వగ్రామం. 1900లో నవద్వీప పండితులు ‘కావ్యకంఠ’ బిరుదిచ్చిన విద్వాంసుడు. చిన్ననాటి నుంచీ మంత్రజపమే ఊపిరిగా బతికినా మనసు కుదుటపడలేదు. గుహ దగ్గర కూర్చున్న యువకుడి పాదాలు పట్టుకుని, చదవాల్సినవన్నీ చదివినా, తనివితీరా జపించినా తపస్సంటే ఏమిటో అంతుపట్టలేదని మొరపెట్టుకున్నారు.

ఆ యువకుణ్ణి జనం బ్రాహ్మణస్వామి అనేవారు. శాస్త్రిగారి కంటే ఏడాది చిన్న. 1896లో, 16 ఏళ్ల వయసులో, మదురైలో ఉన్నట్టుండి మృత్యుభయం కమ్ముకుంటే ఎవరినీ పిలవకుండా పడుకుని, చచ్చేదెవరని లోలోపలికి చూసుకున్నారు. కొద్ది వారాలకే ఇల్లు విడిచి అరుణాచలం చేరారు.

స్వామి చాలాసేపు మౌనంగా చూసి, తమిళంలో రెండే మాటలు చెప్పారు. ‘నేను’ అన్న తలపు ఎక్కడ పుడుతోందో గమనిస్తే మనసు అక్కడే అణుగుతుంది, అదే తపస్సు. మంత్రం జపిస్తూ ఆ నాదం ఎక్కడ లేస్తోందో గమనించినా మనసు అక్కడే లీనమవుతుంది, అదీ తపస్సే.

ఆ రెండో మాటలో ఎంత దయ ఉందో! ఇన్నేళ్ల జపం వృథా అనలేదు, వదిలేయమనలేదు. చూపును మాత్రం లోపలికి తిప్పారు. ధ్యానమంటే ఆలోచనలతో కుస్తీ అనుకుని అలసిపోయేవాళ్లకి ఈ మార్గం పెద్ద ఊరట. తలపు వస్తే తరమక్కర్లేదు, ఇది ఎవరికి కలిగిందని అడిగితే చాలు. నాకే అన్న జవాబు వస్తుంది. ఆ నేనెవరన్న ఎరుకలో నిలవడమే సాధన.

వేంకటరామన్ అనే ఆ స్వామికి భగవాన్ శ్రీ రమణ మహర్షి అని పేరు పెట్టింది శాస్త్రిగారే. తరువాత శిష్యుల ప్రశ్నలకు మహర్షి ఇచ్చిన సమాధానాలను 18 అధ్యాయాల, 300 శ్లోకాల సంస్కృత ‘రమణగీత’గా కూర్చారు. అందులో శాస్త్రిగారి భార్య విశాలాక్షమ్మ తరఫున అడిగిన ప్రశ్న ఒకటుంది: స్త్రీకి సన్యాసం తగునా? పరిపక్వత ఉంటే శాస్త్రం అడ్డుచెప్పదన్నారు మహర్షి. ముక్తురాలైన స్త్రీ దేహాన్ని దహనం చేయకూడదనీ చెప్పారు. 1922లో తల్లి అళగమ్మ కన్నుమూసినప్పుడు ఆ మాట ప్రకారమే కొండ దిగువన సమాధి చేశారు. దాని చుట్టూ పెరిగిందే నేటి రమణాశ్రమం.