గోదావరీ తీరమున శిల్పి సాధన

లక్సెట్టిపేట గోదావరికి ఉత్తరపు గట్టున నున్నది. రాయపట్నము వంతెన దాటి దక్షిణమునకు పోయినచో ధర్మపురియు, ఆవల కరీంనగరు సీమయు వచ్చును. ఉత్తరమునకు పోయినచో గోండుల సీమ. ఈ రెండు దిక్కులందును శిల్పము బహుకాలము వర్ధిల్లినది. చెక్కించినవారి పేర్లను శాసనములు నిలిపినవి గాని, ఉలి పట్టినవారి పేర్లు లోకమునకు తెలియవు. వారి మనసు నెఱుగుటకు వారి పనియే ఆధారము.

ఇందుకు కురిక్యాల సమీపమునందలి బొమ్మలగుట్ట ముఖ్యోదాహరణము. క్రీ. శ. 945 ప్రాంతమున, వేములవాడ చాళుక్యుల యేలుబడిలో, పంపకవి తమ్ముడు జినవల్లభుడు ఇచట చక్రేశ్వరీదేవిని, జినమూర్తులను చెక్కించి, సంస్కృత కన్నడాంధ్ర భాషలలో శాసనము వ్రాయించెను. అందలి మూడు తెలుగు కందపద్యములు మన భాషాచరిత్రలో ప్రసిద్ధములు. 2008లో తెలుగునకు ప్రాచీన భాషగా గుర్తింపు లభించిన సందర్భమునను ఈ శాసనము ప్రస్తావనకు వచ్చినది. అయితే పద్యములను చదివినంత శ్రద్ధతో ప్రక్కనున్న బొమ్మలను మనము చదువలేదని మా అభిప్రాయము.

ఆ శిల్పికి కలిగిన చిక్కు లెట్టివి? బండను కర్మశాలకు తెచ్చుటకు వీలులేదు. తానే గుట్ట యెక్కవలెను. తనకు నచ్చిన రాతిని ఎన్నుకొను స్వేచ్ఛ లేదు. ఉన్న బండ వైశాల్యమునకు, వాలునకు రూపకల్పనను లోబఱుపవలెను. శిల కఠినము. ఒక పెచ్చు పొరపాటున లేచిపోయినచో తిరిగి అతికింపరాదు. దేవి అష్టభుజములును, ఆయుధములును ఆ నిర్బంధములోనే రూపొందినవి.

ధూళికట్ట బౌద్ధస్తూపమున ముచలింద నాగమును మలచినవారికి లభించినది సున్నపురాతి పలక. అది ఉలికి తేలికగా లొంగును. అందుచేత సన్నని పనితనమునకు అవకాశ మెక్కువ. ఇక ఉత్తరమున ఉషేగాం, కేసలాగూడ గ్రామముల ఓఝాల పద్ధతి వేఱు. వారు మట్టి ముద్దపై మైనపు తీగలు చుట్టి రూపము దిద్ది, పైన మట్టి పూసి కాల్తురు. మైనము కరగిపోయిన చోట కరగిన ఇత్తడి పోయుదురు. మైనముపై తప్పు దిద్దుకొనవచ్చును గాని, పోత పోసిన పిమ్మట అచ్చు పగులగొట్టక తప్పదు. కావున ఏ రెండు బొమ్మలును సరిగా ఒక్కటి కావు. 2018లో ఆదిలాబాదు డోక్రాకు భౌగోళిక గుర్తింపు లభించినది.

ఈ మూడింటిని కలిపి చూడగా మాకు తోచిన దొకటి. భక్తియు, పోషకుని కోరికయు శిల్పికి ప్రేరణ లగుగాక. అతనికి గురువు మాత్రము ద్రవ్యమే. రాయి ఏమి యియ్యగలదో, ఏమి యియ్యజాలదో మొదట తెలిసికొనుము, పిమ్మట రూపమును తలంపుము—తోడి శిల్పులకు ఆ అజ్ఞాతులు విడిచిన హితవు ఇదియే.

కరీంనగరు సీమలో గ్రానైటు కొఱకు గుట్టలు పగులుచున్నవి. బొమ్మలగుట్టకును ఆ భయము తప్పలేదు. శాసనపాఠమునకు ప్రతు లున్నవి. శిల్పి చేతిపనికి ప్రతి లేదు. ఆ గుట్ట పోయినచో పేరు లేని ఆ శిల్పికి మిగిలిన ఒక్క సంతకమును పోవును. పరిశోధక విద్యార్థులు శాసనముతో పాటు ఉలిగాట్లను గూడ పరిశీలించి, కొలిచి, వ్రాసియుంచవలెనని మా మనవి.