సయ్యద్ అబ్దుల్ రహీము: హైదరాబాదు ఫుట్‌బాలు గురువు

క్రీడాచరిత్రమును వ్రాయువారు గోలుచేసినవారి పేళ్లను తప్పక పేర్కొందురు; ఆట నేర్పినవారిని తఱచుగా మఱతురు. హైదరాబాదు ఫుట్‌బాలు చరిత్రమున నట్లు మఱవరాని పురుషుడు సయ్యద్ అబ్దుల్ రహీము. ఇతడు వృత్తిచే బడిపంతులు. ఇతని విజయములకు మూలము ఆ వృత్తియందే కానవచ్చును.

రహీము 1909లో జన్మించెను. ఉస్మానియా విశ్వవిద్యాలయ విద్యార్థియై అచ్చటి జట్టున ఆడెను. పిదప కాచిగూడ, చాదర్‌ఘాటు పాఠశాలలలో ఉపాధ్యాయుడాయెను. 1943లో హైదరాబాదు ఫుట్‌బాలు సంఘమునకు కార్యదర్శియై మరణపర్యంతము ఆ భారమును వహించెను.

బాలుడు తడబడు అక్షరమునే మఱల మఱల దిద్దించునట్లు, రహీము ఆటగాని లోపమునే వెదకి దిద్దెను. వాటములేని కాలితోనే బంతిని తన్నవలయునను నియమముతో కొన్ని పోటీలను, బంతిని ఒక్కడే నడపుకొని పోరాదను నియమముతో మఱికొన్నిటిని జరిపెను. మొదటిదానిచే రెండుకాళ్లును సమముగా అలవడెను. రెండవదానిచే తోడివానికి వెంటనే బంతి నందించు అభ్యాసము కుదిరెను. ఇతడు తీర్చిన హైదరాబాదు నగర పోలీసుజట్టు 1950 మొదలు 1954 వఱకు వరుసగా ఐదేండ్లు బొంబాయి రోవర్సు కప్పును గెలిచెను.

1951లో ఢిల్లీ ఆసియా క్రీడలయందు ఇతని శిక్షణలోని భారతజట్టు స్వర్ణమును పొందెను. మఱుసటి యేడు హెల్సింకి ఒలింపిక్సున యుగోస్లావియాచే 10–1 గోలులతో ఓడెను. నాడు మనవారిలో పెక్కురు వట్టికాళ్లతో ఆడిరి. ఆ పరాభవము పిమ్మట బూట్లు తప్పనిసరియాయెను. 1956లో మెల్‌బోర్నున ఆ గురువు జట్టే ఆతిథేయులగు ఆస్ట్రేలియావారిని 4–2తో ఓడించెను; నెవిల్ డిసౌజా మూడు గోలులు చేసెను. తొలిసుత్తున హంగరీ తప్పుకొనుటచే మనకు ఆడకయే గెలుపు కలిగినమాట నిజమే. ఐనను సెమీఫైనలున యుగోస్లావియాపై ముందుగా గోలుచేసినది మనవారే. తుదకు 4–1తో ఓడి, భారతము నాల్గవస్థానమున నిలిచెను. ఒలింపిక్ ఫుట్‌బాలున సెమీఫైనలు చేరిన మొదటి ఆసియాజట్టు ఇదియే. దీనిని కేవలము అదృష్టమనుట న్యాయము కాదు.

1962 జకార్తా ఆసియా క్రీడలనాటికి రహీము రోగపీడితుడు. తలకు గాయమైన వెనుకవరుస ఆటగాడు జర్నైల్‌సింగును ఇతడు ముందువరుసకు మార్చెను. దక్షిణ కొరియాతో తుదియాటయందు పి. కె. బెనర్జీ, జర్నైల్‌సింగు చెఱియొక గోలు చేయగా భారతము 2–1తో స్వర్ణమును గెలిచెను.

1963 జూన్ 11న రహీము దివంగతుడాయెను. ఆ పిమ్మట ఆసియా క్రీడలలో భారత ఫుట్‌బాలుజట్టునకు 1970లో కాంస్యము దక్కినది గాని, స్వర్ణము మఱల లభింపలేదు.