రెండో పెట్టె ఒక్కటే చాలదు: జంట ఫైర్‌వాల్‌ల చరిత్ర



మన ఊరు అరసికెరె పేరులోనే చెరువుంది. కన్నడంలో అరసి అంటే రాణి, కెరె అంటే చెరువు. చెరువు నీళ్లతో బతికిన మన వైపు ఊళ్లలో నీరుగంటి ఎవరో చెప్పనక్కరలేదు. తూము తెరిచేది, మూసేది, ఏ మడికి ఎప్పుడు నీళ్లు వదలాలో చూసేది ఆయనే. ఆయనకు జ్వరం వస్తే తమ్ముడో కొడుకో వెళ్లాలి. వెళ్లినవాడికి తూము తీయడం వస్తే సరిపోదు. నిన్న రాత్రి ఎవరి మడి తడిసింది, ఎవరి వంతు సగంలో ఆగింది, అదీ తెలిసుండాలి. లేకపోతే తెల్లారేసరికి చెరువు కట్ట మీద తగవే.

ఈ మాట ఇప్పుడెందుకంటే, మన సంఘం ఆఫీసులో ఫైర్‌వాల్ పెట్టె చెడిపోయిన రోజు చాలామందికి గుర్తుంది. స్కాలర్‌షిప్ అర్జీలకు అదే ఆఖరి రోజు. పిల్లలు మధ్యాహ్నం దాకా ఎదురుచూసి పావగడకు పరుగెత్తారు. కొందరి అర్జీలు అందనేలేదు. అప్పటి నుంచి "ఇంకో పెట్టె కొని పక్కన పెడదాం" అంటున్నాం. కొనే ముందు, లోకం ఈ పాఠం ఎలా నేర్చుకుందో చూద్దాం.

1988 నవంబరు 2న కార్నెల్ విశ్వవిద్యాలయ విద్యార్థి రాబర్ట్ మారిస్ వదిలిన ఒక ప్రోగ్రాం అప్పటి ఇంటర్నెట్‌ను కుదిపేసింది. సుమారు 60,000 కంప్యూటర్లలో 6,000 దాకా దెబ్బతిన్నాయని అంచనా. బయటి దారికీ లోపలి కంప్యూటర్లకూ మధ్య కాపలా ఉండాలన్న ఆలోచన ఆ తర్వాత ఊపందుకుంది.

తొలి ఫైర్‌వాల్‌లు వచ్చిన ప్రతి ప్యాకెట్టునూ విడివిడిగా చూసేవి. 1994లో ఇజ్రాయెల్‌కు చెందిన చెక్ పాయింట్ కంపెనీ ఫైర్‌వాల్-1 తెచ్చింది. లోపలివాళ్లు ఎవరితో మాట మొదలుపెట్టారో అది పట్టికలో రాసుకుని, దానికి జవాబుగా వచ్చినదాన్ని లోపలికి రానిచ్చేది. భద్రత పెరిగింది, కొత్త చిక్కూ వచ్చింది. ఆ పట్టిక ఉన్న పెట్టె పోతే దారీ పోతుంది, లెక్కా పోతుంది.

1998లో వీఆర్‌ఆర్‌పీ అనే ప్రమాణం వచ్చింది. రెండు రూటర్లు ఒకే చిరునామా పంచుకుంటాయి. ఒకటి పనిచేస్తుంటే రెండోది వింటూ ఉంటుంది. మొదటిది పలకడం మానేస్తే రెండోది ఆ చిరునామా అందుకుంటుంది. అయితే తన పేటెంట్లు దీనికీ వర్తిస్తాయని సిస్కో కంపెనీ అంది. కెనడాలోని కాల్గరీ నుంచి నడిచే ఓపెన్‌బీఎస్‌డీ బృందానికి అది నచ్చలేదు. ఎవరైనా ఉచితంగా వాడుకునేలా కార్ప్ అనే సొంత పద్ధతి తయారుచేసింది. దానికి విడిగా ప్రోటోకాల్ నంబరు అడిగితే దొరకలేదు, దాంతో వీఆర్‌ఆర్‌పీ నంబరు 112నే వాడేసుకుంది. 2004 మే నెలలో వచ్చిన ఓపెన్‌బీఎస్‌డీ 3.5లో కార్ప్ అందరికీ అందింది. దానికి తోడు పీఎఫ్‌సింక్. మొదటి పెట్టె తన పట్టికలోని మార్పులను ఎప్పటికప్పుడు రెండోదానికి చెబుతుంది. నీరుగంటి తమ్ముడికి వంతుల లెక్క అప్పజెప్పినట్టే.

ఇక మిగిలింది నియమాలు. ఒక పెట్టెలో నియమం మార్చి రెండోదానిలో మరిచిపోతే, ఆ తేడా బయటపడేది మొదటిది పడిపోయిన రోజునే. 2004లోనే మొదలైన పీఎఫ్‌సెన్స్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లలో, ప్రధాన పెట్టెలో మార్చిన సెట్టింగులు రెండోదానికి వాటంతటవే చేరే ఏర్పాటు ఉంది. చిరునామా, పట్టిక, నియమాలు మూడూ కలిస్తేనే రెండు పెట్టెలు ఒకే కాపలా అవుతాయి. పెద్ద బ్యాంకులకే అందే ఈ పని మన లాంటి చిన్న సంఘానికి కూడా అందిందంటే, తమ పనిని దాచుకోకుండా పంచినవాళ్ల పుణ్యమే.

రెండు జాగ్రత్తలు మాత్రం మరవకూడదు. నియమాలు పంచుకుంటే తప్పులూ పంచుకున్నట్టే. ఇక్కడ తప్పు రాస్తే అక్కడికీ వెళుతుంది. కాబట్టి పాత సెట్టింగుల నకలు విడిగా ఉండాలి. రెండోది, పెట్టెల మధ్య కబురు తెగితే రెండూ "నేనే నీరుగంటిని" అంటాయి, అప్పుడు ఉన్న దారీ చెడుతుంది. కరెంటు సంగతీ అంతే. మన తాలూకాలో 2,050 మెగావాట్ల సోలార్ పార్కు ఉండవచ్చు, కానీ రెండు పెట్టెలనూ ఒకే ప్లగ్గుకు తగిలిస్తే కరెంటు పోయినప్పుడు రెండూ ఒకేసారి ఆరిపోతాయి.

అందుకే మా మాట ఇది. ఒక పెద్ద పెట్టెకు బదులు ఒకే రకం చిన్న పెట్టెలు రెండు తీసుకుందాం. వాటి సంగతి ఒక్కరికే కాదు, కనీసం ఇద్దరు పిల్లలకు నేర్పుదాం. నెలకోసారి మొదటి పెట్టెను మనమే ఆపి, రెండోది అందుకుంటుందో లేదో చూద్దాం. వచ్చే సంఘం మీటింగులో దీన్ని తేల్చుకుందాం. మళ్లీ ఏ పిల్లవాడూ అర్జీ పట్టుకుని పావగడకు పరుగెత్తకూడదు.